కుక్కతో ఓర్పు పరీక్ష: సైకిల్ పక్కన 20 కిలోమీటర్లా, నడుముకు కట్టుకుని పరుగా, కొండల్లో నడకా?

కుక్కను పెంచేవాళ్లలో కొందరికి ఏదో ఒక రోజు ఈ ఆలోచన వస్తుంది. పొద్దున గంట, సాయంత్రం గంట తిప్పినా దీనికి చాలడం లేదు. ఇంటికొచ్చి నీళ్లు తాగగానే మళ్లీ బంతి తెచ్చి కాళ్ల దగ్గర పెడుతోంది. దీని దమ్మెంతో ఒకసారి పద్ధతిగా చూస్తే ఎలా ఉంటుంది? అలా వెతకడం మొదలుపెట్టేసరికి ఎండ్యూరెన్స్ అనే ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి పోలికే లేని పరీక్షలు కనిపిస్తాయి. ఒకదాంట్లో కుక్క సైకిల్ పక్కన వస్తుంది, ఒకదాంట్లో మనిషిని లాక్కుంటూ పరుగెత్తుతుంది, ఇంకోదాంట్లో రెండు రోజుల పాటు మనతో కలిసి కొండలెక్కుతుంది.

ఎంచుకునేటప్పుడు చాలామంది ముందు దూరం చూస్తారు. 5 కిలోమీటర్లయితే సులువు, 20 అయితే కష్టం, 80 అయితే మనవల్ల కాదు అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఇప్పుడైతే దూరం కంటే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. వేగం ఎవరి చేతిలో ఉంది? కుక్క అలిసిపోతే ఆపేది ఎవరు? మీ కుక్కకు ఏ పరీక్ష సరిపోతుందన్నది ఈ రెండింటికీ వచ్చే జవాబుల్లోనే చాలావరకు తేలిపోతుంది. కుక్క తనంతట తాను "ఇక చాలు" అనడం చాలా అరుదు. మనం వెళ్తున్నాం కాబట్టి అదీ వస్తుంది, అంతే.

సైకిల్ పక్కన 20 కిలోమీటర్లు

జర్మన్ షెపర్డ్ పెంచేవాళ్ల దగ్గర ఎక్కువగా వినిపించే పేరు ఏడీ. ఆస్‌డావర్‌ప్రూఫుంగ్ అనే జర్మన్ మాటకు అది పొట్టి పేరు, అర్థం ఓర్పు పరీక్ష అనే. షెపర్డ్ పుట్టిందే గొర్రెల మంద చుట్టూ రోజంతా తిరగడానికి. అందుకే 1899లో మొదలైన ఆ జాతి సంఘం ఎస్‌వీ, పెంపకానికి కుక్కల్ని ఎంపిక చేసేటప్పుడు ఈ పరీక్ష పాసై ఉండాలంటుంది. గుండె, ఊపిరితిత్తులు, కీళ్లు, పాదాలు గట్టిగా ఉన్నాయో లేదో చూడటమే దీని ఉద్దేశం. మొదటి స్థానం, రెండో స్థానం అంటూ ఉండవు, మార్కులూ ఉండవు. పాస్ లేదా ఫెయిల్.

కుక్కకు కనీసం 16 నెలలు నిండాలి. గంటకు 12 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో, లీష్ (పట్టుకునే తాడు)తో, సైకిల్‌కు కుడివైపున ట్రాట్‌లో, అంటే జోరు నడకలో రావాలి. మొదట 8 కిలోమీటర్లు, తర్వాత 15 నిమిషాల విరామం. మళ్లీ 7 కిలోమీటర్లు, 20 నిమిషాల విరామం. చివరి 5 కిలోమీటర్లు పూర్తయ్యాక ఇంకో 15 నిమిషాలు ఆగి, మాట వింటోందో లేదో చూసే చిన్న పరీక్ష పెడతారు. కుక్క కదులుతూ ఉండే సమయమే 80 నుంచి 100 నిమిషాలు. విరామాలు కలిపితే మొత్తం రెండు గంటలు దాటుతుంది. ఆస్ట్రేలియాలోనూ దాదాపు ఇలాంటి 20 కిలోమీటర్ల పరీక్షే ఉంది.

ఇక్కడ వేగం గడియారం చేతిలో ఉంటుంది. కుక్కకు నచ్చినా నచ్చకపోయినా 12కి తగ్గకూడదు. కాబట్టి మీ కుక్క ఒళ్లు ఆ వేగానికి కుదురుతుందా అన్నదే అసలు సంగతి. ట్రాట్ అంటే నడకకూ పరుగుకూ మధ్య ఉండే జోరు నడక. ముందు కుడికాలూ వెనక ఎడమకాలూ ఒకేసారి నేలను తాకుతాయి, తర్వాత రెండో జత. కుక్కకు తక్కువ ఖర్చుతో ఎక్కువ దూరం తెచ్చిపెట్టే నడక అదే. మధ్యస్థం నుంచి పెద్ద సైజు వరకు, కాళ్లు పొడుగ్గా ఉన్న కుక్కలకు 12-15 వేగం సరిగ్గా ఆ ట్రాట్‌లో పడుతుంది. పొట్టికాళ్ల కుక్క అదే వేగం అందుకోవాలంటే గెంతుతూ పరుగెత్తాలి, ఆ పరుగు గంటన్నర నిలవదు.

దీన్ని తెలుసుకోవడానికి పరీక్ష దాకా వెళ్లనక్కర్లేదు. ఫోన్‌లో వేగం చూపించే యాప్ పెట్టుకుని, 12 దగ్గర రెండు నిమిషాలు సైకిల్ తొక్కండి. కుక్క వైపు చూడొద్దు, చెవి పెట్టి వినండి. తారు రోడ్డు మీద గోళ్ల చప్పుడు టక్... టక్... టక్ అని గోడ గడియారంలా సమానంగా వస్తుంటే అది ట్రాట్. టకటక్, టకటక్ అని మూడేసి దెబ్బలు విడివిడిగా వినిపిస్తే అది పరుగులోకి వెళ్లిపోయిందని అర్థం. ఆ చప్పుడు రెండు నిమిషాల్లోనే మూడు దెబ్బల్లోకి మారిపోతుంటే ఏడీ గురించి ఆలోచించడం మానేయండి. కుక్క చెడ్డదని కాదు, దాని కాళ్ల కొలత వేరు.

ఈ పరీక్షలో నాకు అన్నిటికంటే నచ్చేది విరామాలు. ప్రతి విరామంలో జడ్జి వచ్చి కుక్క ఎలా రొప్పుతోందో, ఎలా నిలబడుతోందో చూస్తాడు, పాదాలు ఎత్తి అడుగున ఒరుసుకుపోయాయేమో తడుముతాడు. అలసట మితిమీరి కనిపిస్తే అక్కడే ఆపేస్తాడు. ఆయనకు మీ కుక్క మీద ముద్దు లేదు, మీ మూడు నెలల ప్రాక్టీస్ వృథా అవుతుందన్న బాధా లేదు. ఆ కళ్లు ఎంత విలువైనవో నాకు తెలియడానికి కారణం మా చుక్కి.

చుక్కి నాలుగేళ్ల ఆడకుక్క, షెపర్డ్ పోలిక ఉన్న మిక్స్. రెండు నెలలు మట్టి దారిలోనే తిప్పాను, కీళ్లకు మంచిదని. ఒక రోజు దూరం పెంచుదామని సిమెంట్ రోడ్డు మీదకు తీసుకెళ్లాను. తోక పైకెత్తి, చెవులు నిక్కబొడుచుకుని, ఎప్పటిలాగే హుషారుగా వచ్చింది. 14వ కిలోమీటరు దగ్గర నీళ్లు పడదామని ఆగి వెనక్కి చూస్తే, పొడి రోడ్డు మీద చిన్న బిళ్లంత తడి మరకలు, అడుగడుగుకీ ఒకటి. వెనక కుడి పాదం ఎత్తి చూశాను. అడుగున దిండులా ఉండే మధ్య మెత్త మీద చర్మం కాగితంలా లేచి, కింద ఎర్రగా ఉంది. అప్పటిదాకా ఒక్కసారైనా కుంటలేదు. నేను పాదం పట్టుకుంటే కూడా లాక్కోలేదు, నా చెయ్యి నాకింది. ఆ రోజు దాన్ని ఇంటికి తీసుకెళ్లడానికి బండి పిలిపించాను. మానడానికి మూడు వారాలు పట్టింది. తప్పు పూర్తిగా నాదే. పరీక్ష ఏ నేల మీద జరుగుతుందో ఆ నేలకు పాదాలు కొద్దికొద్దిగా అలవాటు పడాలి. వారానికి కిలోమీటరో రెండు కిలోమీటర్లో గట్టి రోడ్డు మీద తిప్పుతూ పోతే మెత్తలు గట్టిపడతాయి. ఒక్క రోజులో జరిగే పని కాదది.

నడుముకు కట్టుకుని పరుగు

రెండోది కానీక్రాస్. మంచు మీద బండి లాగే స్లెడ్జ్ కుక్కల ఒంట్లో, మంచు లేని కాలంలో పట్టు తప్పకుండా ఉండటానికి వాటి యజమానులు చేసిన సాధన నుంచి పుట్టిన ఆట ఇది. మనిషి నడుముకు వెడల్పాటి బెల్టు, కుక్కకు లాగడానికి కుట్టిన హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీలు), మధ్యలో సాగే తాడు. కుక్క ముందు పరుగెత్తుతుంది, మనం వెనక. మనం ముందుకెళ్లి కుక్కను ఈడ్చుకురావడం నిబంధనలకు విరుద్ధం. పోటీలు మామూలుగా 5 కిలోమీటర్ల అటూ ఇటూ ఉంటాయి. కానీ ఓర్పుకే పరీక్ష పెట్టేవీ ఉన్నాయి. ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో జరిగే ట్రోఫే దే మోంతాన్య్‌లో వరుసగా రోజూ ఒక దశ చొప్పున కొండదారుల్లో పరుగెత్తాలి.

ఇందులో వేగం కుక్క చేతిలోనే ఉంటుంది కదా, మరి ఇదే అన్నిటికంటే సురక్షితం కావాలి కదా అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. లాగడమంటే ఇష్టపడే కుక్క స్టార్ట్ లైన్ దగ్గరే అరుస్తూ, గెంతుతూ ఒళ్లు మరిచిపోతుంది. పక్క కుక్కలు ముందుకెళ్తుంటే తన వేడి తనకు తెలియదు. దమ్ము అడుగంటే దాకా దాన్ని తోసుకెళ్లేది ఆ ఉత్సాహమే. కుక్క మనలాగా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు. పాదాల దగ్గర పట్టే కాస్త చెమట లెక్కలోకి రాదు, వేడి పోవాల్సింది ప్రధానంగా నాలుక మీదుగా, రొప్పడం ద్వారానే. మామూలుగా దాని ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అది 41 దాటితే ప్రమాదంలోకి వెళ్తున్నట్టే. గట్టిగా లాగుతూ పరుగెత్తే కుక్క చల్లటి ఉదయం కూడా ఆ దారిలో వేగంగా వెళ్లగలదు.

నాలుకను చూడటం నేర్చుకోండి. అలిసినా బాగానే ఉన్న కుక్క నాలుక పొడుగ్గా వేలాడుతుంది, నీళ్లు చూపిస్తే నోరు మూసుకుని తాగుతుంది. వేడెక్కిపోతున్న కుక్క నాలుక చివర గరిటెలా వెడల్పై పైకి వంగుతుంది, చిగుళ్లు బాగా ఎర్రబడతాయి, పిలిస్తే కళ్లు మన మీద నిలవవు. అప్పుడు ఆలోచించకూడదు. ఆపి, నీడలోకి తీసుకెళ్లి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చూడాలి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే మాత్రం వేడి లోపలే ఉండిపోతుంది.

లాబ్రడార్ ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. ఆ జాతిలో కొన్నిటికి డీఎన్ఎం1 అనే జన్యువులో లోపం ఉంటుంది. దాన్ని 2008లో గుర్తించారు. అవి రోజూ చక్కగా ఆడుకుంటూనే ఉంటాయి, కానీ ఐదు నుంచి పావుగంట పాటు ఉత్సాహంతో తీవ్రంగా పరుగెత్తితే వెనక కాళ్లు పట్టు తప్పి కూలిపోతాయి. దీనికి జన్యు పరీక్ష ఉంది. లాబ్రడార్‌తో కానీక్రాస్ అనుకుంటే బెల్టు కొనే ముందు ఆ పరీక్ష చేయించండి.

వయసు విషయంలో పరుగుకు 12 నెలలు, సైకిల్‌ను లాగడానికి 18 నెలలు అనే హద్దు చాలాచోట్ల వినిపిస్తుంది. పెద్ద జాతులకు నేనైతే పరుగుకు కూడా 18 నెలలే అంటాను. ఎముకల చివర్లలో పెరుగుదల జరిగే చోట్లు వాటికి ఆలస్యంగా మూసుకుంటాయి. ఆరు నెలలు ఆగితే పోయేదేమీ లేదు.

మీ సంగతి కూడా చూసుకోవాలి. 25 కిలోల కుక్క ముందు నుంచి లాగుతుంటే ఎక్కేటప్పుడు హాయిగా ఉంటుంది, రాళ్ల దిగుడులో మాత్రం మీ మోకాళ్లు చెబుతాయి. "నెమ్మది", "కుడి", "ఎడమ", "వదిలెయ్" అనే మాటలు కుక్కకు నడకలోనే వచ్చి ఉండాలి. పరుగులో నేర్పుదామంటే కుదరదు.

కొండల్లో రోజుల తరబడి నడక

మూడోది డాగ్‌ట్రెకింగ్. 1990ల్లో చెక్ దేశంలో వేళ్లూనుకుని చుట్టుపక్కలకు పాకింది. పెద్ద విభాగంలో దూరం మామూలుగా 80 కిలోమీటర్లకు పైనే. మ్యాప్ చూసుకుంటూ, దారిలో చెప్పిన గుర్తులన్నీ దాటుతూ, కుక్కను వదలకుండా మనకు కట్టుకునే నడవాలి. తిండి, నీళ్లు, పడుకోవడానికి కావలసినవి, పాదాలకు మందు అన్నీ వీపున మోసుకెళ్లాలి. రాత్రి బయటే పడక. అంత దూరం వద్దనుకునేవాళ్లకు చిన్న విభాగాలూ ఉంటాయి.

వేగం పూర్తిగా మీ చేతిలో ఉంటుంది. ఎండెక్కితే చెట్టు కింద మూడు గంటలు పడుకోవచ్చు, కుక్క మందగిస్తే వాగు దగ్గర ఆగిపోవచ్చు. సైకిల్ పక్కన ట్రాట్ కుదరని చిన్న టెరియర్లు కూడా ఇందులో చక్కగా నడుస్తాయి. దూరం చూసి భయపడేవాళ్లకు ఇది ఆశ్చర్యంగా ఉంటుంది కానీ, కుక్క ఒంటి మీద గంటకు పడే భారం ఈ మూడింట్లోనూ దీనిదే తక్కువ.

అయితే ఇక్కడ ఆపేవాళ్లు ఎవరూ లేరు. అడవి మధ్యలో పాదం చూసే జడ్జి ఉండడు. తేడా తెలిసేది కూడా మొదటి రోజు కాదు, రెండో రోజు తెల్లవారుజామున. రాత్రంతా పడుకున్న కుక్క లేచేటప్పుడు ముందు కాళ్లు చాపి ఒళ్లు విరుచుకుని తోక ఊపిందంటే బాగానే ఉన్నట్టు. వెనక భాగం నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా లేచి, విరుచుకోకుండా అలా నిలబడిపోతే ఆ రోజు మ్యాప్ మడిచి సంచిలో పెట్టేయాలి. హార్నెస్ కింద, ముందు కాళ్ల చంకల్లో వేలు పెట్టి చూడండి. తడిసిన పట్టీ 30 కిలోమీటర్లు ఒరుసుకుంటే అక్కడ వెంట్రుకలు రాలి చర్మం కందిపోతుంది. నడక కదా అని ఎవరూ చూడని చోటు అదే.

ఈ మూడూ కాక కొన్ని జాతుల సంఘాలు తమ సొంత పరీక్షలు పెట్టుకున్నాయి. అమెరికాలో డాల్మేషియన్ సంఘం రోడ్ ట్రయల్‌లో కుక్క గుర్రం వెంట 12.5 మైళ్లు, పై స్థాయిలో 25 మైళ్లు వెళ్లాలి. ఒకప్పుడు గుర్రపు బళ్ల పక్కన పరుగెత్తిన జాతి కాబట్టి దానికి అది సహజం. గుర్రం, గుర్రపు స్వారీ రెండూ తెలిసినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు అది చూసి ఆనందించేదే.

మరి ఏది?

రెండు నుంచి ఆరేళ్ల మధ్య, ఒంట్లో కొవ్వు లేని, ట్రాట్ కుదిరిన మధ్యస్థ లేదా పెద్ద కుక్క ఉండి, మీకు సైకిల్ మీద ఒంటిచేత్తో పట్టు ఉంటే నా ఓటు ఏడీకే. వేగం గడియారం చేతిలో ఉన్నా, మూడుసార్లు ఆగి బయటి మనిషి ఒకరు మీ కుక్కను చూసే పరీక్ష అదొక్కటే. ప్రాక్టీస్ కూడా పద్ధతిగా సాగుతుంది. 3 కిలోమీటర్లతో మొదలుపెట్టి, వారానికి మూడు రోజులు, మధ్యలో ఖాళీ రోజులు ఇస్తూ, 12 వారాల్లో 16-18 కిలోమీటర్ల దాకా వెళ్తే చాలు. పూర్తి 20 ముందే చేసి చూడాల్సిన పని లేదు. కుక్క సైకిల్‌కు భయపడుతుంటే మొదటి వారం తొక్కనే వద్దు, పక్కన నెట్టుకుంటూ నడవండి.

మీరు ఇప్పటికే పరుగెత్తేవారై, కుక్కకు లాగడమంటే ప్రాణమైతే కానీక్రాస్. కానీ పోటీ కంటే ముందు చల్లటి వేళల్లో ఒంటరిగా చేయండి. పక్కన వేరే కుక్కలు లేనప్పుడు అది తనంతట తాను ఏ వేగం ఎంచుకుంటుందో గమనించి గుర్తుపెట్టుకోండి. పోటీ రోజు అంతకంటే బాగా ఎక్కువగా పోతోందంటే అది దమ్ము కాదు, ఉద్రేకం. వెనక్కి పట్టాల్సింది మీరే.

చిన్న కుక్క, ఏడెనిమిదేళ్లు దాటినా చురుగ్గా ఉన్న కుక్క, జనాన్నీ వేరే కుక్కల్నీ చూస్తే టెన్షన్ పడే కుక్క, వీటన్నిటికీ డాగ్‌ట్రెకింగ్‌లోని చిన్న విభాగమే. కొత్తవాళ్లకు కూడా నేను ఇదే చెబుతాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుక్క పక్కన నడిస్తే దాని నడక, ఊపిరి, అలసట మీకు తెలిసినంతగా ఏ సైకిల్ మీదా తెలియవు.

పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మాత్రం ఈ మూడింట్లో ఏదీ వద్దు. రొప్పి చల్లబడే దారే వాటికి ఇరుకు. ఎంత హుషారుగా ఉన్నా సరే. చల్లటి పూట తీరిగ్గా నడిపించడం, వాసన పట్టి వెతికే ఆటలు ఆడించడం వాటికి చాలా ఇష్టం.

ఏది ఎంచుకున్నా, మొదటి ప్రాక్టీస్‌కు ముందే పశువైద్యుడి చేత గుండె చప్పుడు, తుంటి, మోచేతులు చూపించండి. షెపర్డ్, లాబ్రడార్, రాట్‌వైలర్ లాంటి జాతులకు తుంటి ఎక్స్‌రే తీయించడం మంచిది. పక్కటెముకలు చేతికి సులువుగా తగలకపోతే ముందు బరువు తగ్గించండి, తర్వాతే దూరం. రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకండి. పరీక్షకు ముందు నాలుగు గంటల్లో కడుపునిండా తిండి వద్దు. ఛాతీ లోతుగా ఉండే కుక్కలకు నిండు కడుపుతో పరుగంటే కడుపు ఉబ్బి మెలి తిరిగే ప్రమాదం ఉంటుంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. నీళ్లు మాత్రం కొంచెం కొంచెంగా, తరచుగా పట్టాలి. విరామంలో గిన్నెడు ఒక్కసారే ఇవ్వకండి.

పరీక్ష అయిన సాయంత్రం చుక్కిని పడుకోబెట్టి నాలుగు పాదాలూ ఒక్కొక్క వేలి సందూ చూస్తాను. ఇసుక రేణువు ఉంటే తడిగుడ్డతో తీస్తాను, గోరు పగిలిందేమో వేలితో రాసి చూస్తాను. తర్వాత రెండు రోజులు వీధి చివరి దాకా మాత్రమే నడక. మూడో రోజు పొద్దున బంతి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టేదాకా సైకిల్ బయటికి తీయను.